ఇద్దరికీ రెండు రోజులు

మెదక్ పట్టణం నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. పేరు వెయ్యొద్దంది, సరే. ఇద్దరు పిల్లలు, అత్తమామలు, బజారులో భర్త నడుపుతున్న దుకాణం... ఇదీ ఆమె సంసారం. పెళ్లయి పద్నాలుగేళ్లు. ఆమె పినతల్లి కూతురు అమెరికాలో ఉంటుంది. ఆ అమ్మాయి, ఆమె భర్త శని, ఆదివారాలు కలిసొచ్చేలా చూసుకుని కరీబియన్ దీవుల్లో సముద్రం ఒడ్డున ఓ రిసార్టుకు ఇద్దరే వెళ్లొచ్చి ఫొటోలు పంపారట. అవి చూసిన రోజు మన చెల్లెలికి అన్నం సయించలేదు.

"కడుపుమంట కాదక్కా" అని రాసింది. "మేము తిరుపతి పోయినం, తొమ్మిది మందిమి. ఏడుపాయల జాతరకు ఏటా పోతం, పదిహేను మందిమి. ఇద్దరమే ఎన్నడూ యాడికీ పోలే. పోవాలని ఉంది. నిజం చెప్పాలంటే భయం కూడా ఉంది. పిల్లలు లేక, దుకాణం లేక ఇద్దరమే కూసుంటే మాట్లాడుకోనీకి మాకేమన్న ఉంటదా?"

ఈ చివరి మాట కోసమే ఈ వారం శీర్షిక మొత్తం ఈ ఉత్తరానికి ఇచ్చేస్తున్నాను. ఎందుకంటే ఈ భయం ఆమె ఒక్కదానిదే కాదు. ఇది చదువుతున్న మీలో ఎంతమంది 'అచ్చం నా మాటే' అనుకుని ఉంటారో నాకు తెలుసు.

ఆ ఫొటోల్లో ఉన్నదేమిటి?

ముందు ఆ కరీబియన్ సంగతి చూద్దాం. మీ ఇంట్లో క్రికెట్ చూసేవాళ్లుంటే వెస్టిండీస్ జట్టు పేరు వినే ఉంటారు. జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్... ఆ దీవులే ఇవి. మనకు హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు గానీ, అమెరికాలో ఉన్నవాళ్లకు అది దగ్గర. మయామీలో విమానం ఎక్కితే సుమారు రెండు గంటల్లో జమైకాలోని మాంటెగో బేలో దిగొచ్చు. మనం మెదక్‌లో బస్సెక్కి సికింద్రాబాద్‌లో దిగే లోపే వాళ్లు సముద్రం దాటేస్తారన్నమాట. అందుకే రెండు రోజుల సెలవుకే వెళ్లొస్తారు.

ఆ రిసార్టుల పద్ధతి ఒకటి మనం తెలుసుకోదగ్గది. గది, మూడు పూటలా భోజనం, కాఫీ, టీలు, ఆటపాటలు అన్నిటికీ కలిపి ముందే ఒక్క ధర కట్టించుకుంటారు. లోపలికి వెళ్లాక పర్సు తియ్యక్కర్లేదు. ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు బెల్జియం దేశస్థుడు గెరార్డ్ బ్లిట్జ్. 1950లో స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో గుడారాలు వేసి 'క్లబ్ మెడ్' మొదలుపెట్టాడు. తర్వాత ఇది కరీబియన్‌కూ పాకింది. 1978లో జమైకాలో ఓచో రియోస్ దగ్గర ఇస్సా కుటుంబం వాళ్లు తమ పాత హోటల్‌ను 'కపుల్స్' అని పేరు మార్చి దంపతులకు మాత్రమే అన్నారు. పిల్లల్ని తీసుకురాకూడదు! 1981లో బుచ్ స్టీవర్ట్ అనే జమైకా వ్యాపారి మాంటెగో బేలో 'శాండల్స్' తెరిచాడు. అంతకుముందు ఆయన అమ్మింది ఏసీ మిషన్లు. ఇవాళ ఆ పేరుతో ఎన్నో దీవుల్లో రిసార్టులు ఉన్నాయి.

ఇందులో కిటుకు గమనించారా? సముద్రం అందరిదీ, దానికి ఎవరూ డబ్బు కట్టక్కర్లేదు. ఇసక ఊరికే వస్తుంది. మరి వాళ్లు అంత డబ్బు తీసుకుని అమ్ముతున్నదేమిటి? 'ఇవాళ ఏం వండను?' అని మీరు ఆలోచించక్కర్లేని రెండు రోజులు. గ్యాస్ అయిపోయిందా, పాలు విరిగాయా, పిల్లాడి యూనిఫాం ఆరిందా అన్న ధ్యాస లేని రెండు రోజులు. మీ పినతల్లి కూతురు మొహంలో ఆ వెలుగు నీలం నీళ్ల వల్ల వచ్చింది కాదు చెల్లెలా, ఆ తీరిక వల్ల వచ్చింది.

ఇది నేను కల్పించి చెప్పడం లేదు. 2019లో కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ మన దేశంలో ఎవరెవరు రోజంతా ఏ పనికి ఎంత సేపు పెడుతున్నారో లెక్క తీసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, అంటే దాదాపు అయిదు గంటలు ఆ పనికే పెడుతున్నారని అప్పుడు తేలింది. ఇంటిపని చేసే మగవాళ్లు పెట్టింది 97 నిమిషాలు. పిల్లల్ని, పెద్దల్ని చూసుకునే సమయం ఇందులో కలపలేదు, అది విడిగా! మనకు ఆదివారం సెలవు లేదు, పండగకైతే పని రెట్టింపు. సెలవు లేని ఉద్యోగం ఏదైనా ఉందీ అంటే అది మనదే.

అక్కడి దీవుల చరిత్ర ఒక్క ముక్క చెప్పి మన ఊరికి వచ్చేస్తాను. ఇవాళ జనం విశ్రాంతికి వెళ్లే ఆ తీరాలు ఒకప్పుడు చెరకు తోటలు. అక్కడ బానిసత్వం రద్దయ్యాక, తోటల్లో పనికి మన దేశం నుంచి కూలీలను ఒప్పందాల మీద ఓడల్లో తీసుకెళ్లారు. 1838లో గయానాకు, 1845లో ట్రినిడాడ్‌కూ జమైకాకూ మొదటి ఓడలు వెళ్లాయి. మద్రాసు రేవు నుంచి ఆ ప్రాంతాలకు వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఒకరు హాయిగా కూర్చోవాలంటే ఇంకెవరో పని చెయ్యాలి. ఇది దీవుల్లోనే కాదు, మన ఇంట్లోనూ అంతే. కాబట్టి మీరు రెండు రోజులు కాళ్లు చాపుకుని కూర్చుంటే ఆ పని ఎవరి మీద పడుతుందో ముందే ఆలోచించాలి. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

మనకూ ఒక సముద్రం ఉంది

తెలంగాణకు సముద్రం లేదు. మెదక్‌లో పుట్టి, మెదక్‌లోనే మెట్టి, మనవల్ని ఎత్తుకున్నా సముద్రం చూడని ఆడవాళ్లు ఎంతోమంది. కానీ ఏడుపాయల దగ్గర మీరు మునకేసే మంజీర గోదావరిలో కలిసి బంగాళాఖాతానికి పోతుంది. నది పోయే చోటికి మనం పోలేమా?

నాకు తోచిన దారి ఇది. బాపట్ల పక్కన సూర్యలంక. బాపట్ల 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కేంద్రం. ఊరు నుంచి సముద్రం తొమ్మిది కిలోమీటర్లు, ఆటోలు దొరుకుతాయి. మెదక్ నుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. బస్సులు మీకు తెలిసినవే. 2022 సెప్టెంబరులో అక్కన్నపేట నుంచి లైను వేసి మెదక్‌కు రైలు కూడా తెచ్చారు. సికింద్రాబాద్ నుంచి చెన్నై వైపు వెళ్లే రైళ్లలో కొన్ని బాపట్లలో ఆగుతాయి, ఆరేడు గంటల ప్రయాణం. టిక్కెట్టు కొనేటప్పుడు అది బాపట్లలో ఎన్నింటికి దించుతుందో చూసుకోండి. ఛార్జీ ఒకటే కదా అని అర్ధరాత్రి దించే రైలెక్కితే, ప్లాట్‌ఫారం మీద తెల్లవార్లూ జాగారమే. వెళ్లేది విశ్రాంతికి, శివరాత్రికి కాదు.

సముద్రం ఒడ్డున బసలు రకరకాల ధరల్లో ఉంటాయి. డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి ఈ ఆరు ప్రశ్నలూ అడగండి. మొహమాటపడొద్దు. కూరగాయల బండి దగ్గర వంకాయ పుచ్చా మంచిదా అని చూసుకునే మనం, వేల రూపాయల గదికి అడక్కుండా కట్టేస్తామా?

ఒకటి, చెప్పిన ధర గదికా, ఇద్దరికా, ఒక రాత్రికా. రెండు, పన్ను కలిపా, విడిగానా. మూడు, పొద్దుటి టిఫిను అందులో ఉందా, మధ్యాహ్నం, రాత్రి భోజనం అక్కడే దొరుకుతుందా, శాకాహారం ఉంటుందా. నాలుగు, గది ఎన్నింటికి ఇస్తారు, ఎన్నింటికి ఖాళీ చెయ్యాలి. కొన్నిచోట్ల పొద్దున్నే వెళ్లినా మధ్యాహ్నం దాకా గది ఇవ్వరు. అయిదు, గది నుంచి సముద్రం నడిచి వెళ్లేంత దూరమేనా. 'సముద్రం పక్కనే' అన్న మాటకు ఒక్కొక్కరి నిఘంటువులో ఒక్కో అర్థం. ఆరు, వెళ్లడం కుదరకపోతే కట్టిన డబ్బులో ఎంత వెనక్కిస్తారు.

డబ్బు సంగతి కూడా అనుకుందాం. అప్పు చేసి విహారానికి వెళ్లొద్దు. తిరిగొచ్చాక ప్రతి నెలా ఆ అప్పు మీ ఇద్దరి మధ్యా కూర్చుంటుంది. ఒక కాగితం తీసుకుని ఐదు పద్దులు రాయండి. రానూపోనూ ఛార్జీలు, బస, భోజనం, ఆటోలు, అనుకోని ఖర్చు. మొత్తాన్ని పది నెలలకు భాగించండి. చిట్టీ కట్టినట్టే నెలనెలా ఆ వాటా పక్కన పెట్టండి. పోపుల డబ్బాలో కాదు, అక్కడ పెడితే గ్యాస్ బండ వచ్చిన రోజు మాయమవుతుంది. మీ పేరున బ్యాంకులో గానీ, పోస్టాఫీసులో గానీ వెయ్యండి. పది నెలల పాటు ఇద్దరూ కలిసి ఒక సంతోషం కోసం దాచుకోవడం కూడా విహారంలో భాగమే.

ఎప్పుడు వెళ్లాలి? కరీబియన్‌లో జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం. 2025 అక్టోబరు 28న మెలిస్సా తుపాను జమైకాను చితక్కొట్టింది. మన తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా గండం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను పెద్దవాళ్లు ఇంకా మరిచిపోలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అందుకని సంక్రాంతి వెళ్లాక, పిల్లల పరీక్షలు మొదలయ్యే లోపు, అంటే జనవరి చివర, ఫిబ్రవరి మంచి రోజులు. ఎండ కూడా ముదరదు.

నీళ్ల దగ్గర జాగ్రత్త

మంజీరలో ఈదినవాళ్లకైనా సముద్రం కొత్తే. మోకాళ్లు దాటి లోపలికి వెళ్లొద్దు. అలల మధ్యలో ఒకచోట నీళ్లు ప్రశాంతంగా కనబడతాయి, అక్కడ దిగుదామనిపిస్తుంది. చాలాసార్లు అసలు ప్రమాదం అక్కడే. ఒడ్డుకొచ్చిన నీళ్లు ఆ దారినే వేగంగా లోపలికి లాక్కుపోతాయి. పొరపాటున అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలసిపోతాం. ఒడ్డుకు అడ్డంగా, పక్కకు జరుగుతూ పోతే ఆ లాగుడు తగ్గుతుంది. అప్పుడు ఒడ్డుకు రావచ్చు. చెయ్యెత్తి కేకేయాలి. ఎర్రజెండా పాతి ఉంటే, పోలీసులు వద్దంటే, చీకటి పడితే, మందు తాగి ఉంటే నీళ్ల జోలికి పోనే వద్దు. ఈ చివరిది మీవారికి చదివి వినిపించండి.

తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది, బరువెక్కుతుంది. చుడీదార్లు రెండు పెట్టుకోండి. 'ఈ వయసులోనా' అనేవాళ్లెవరూ అక్కడ ఉండరు. నగలు ఇంట్లోనే ఉంచండి. పుస్తెలతాడు తియ్యడం ఇష్టం లేకపోతే లోపలికి వేసుకుని పిన్నుతో బిగించుకోండి. అల లాగేసిన బంగారం మళ్లీ దొరకదు.

అంత దూరం వద్దనుకుంటే

అందరికీ రెండు రోజులు, అంత ఖర్చు కుదరకపోవచ్చు. ఒక్క రోజే చిక్కినా వదలకండి. మెదక్ చుట్టూ ఉన్నవి మనకు దగ్గర కాబట్టి అలుసైపోయాయి గానీ, చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఎల్లారెడ్డి దారిలో సుమారు 15 కిలోమీటర్లు పోతే పోచారం. ఆలేరు వాగు మీద 1922 నాటికి కట్టిన చెరువు, పక్కనే ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి. 1952లో దాన్ని అభయారణ్యం చేశారు. జింకలూ, చలికాలంలో వలస పక్షులూ కనబడతాయి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు గట్టు మీద కూర్చుంటే అదే ఒక చిన్న సముద్రం.

ఊళ్లోనే కాకతీయుల నాటి ఖిల్లా ఉంది. సింహద్వారం, గజద్వారం దాటి పైకెక్కితే ఊరంతా కాళ్ల కింద ఉంటుంది. ఇక చర్చి సంగతి. ఛార్లెస్ పాస్నెట్ దొర కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరికేలా పదేళ్లు కట్టించి 1924 డిసెంబరు 25న ప్రారంభించిన చర్చి అది. 175 అడుగుల గోపురం. 2024లో నూరేళ్లు నిండాయి. ఎండ పడితే ఆ రంగు అద్దాల కిటికీల అందమే వేరు. రోజూ ఆ గోపురం చూస్తూ కూరగాయలకు వెళ్లేవాళ్లు, లోపలికి వెళ్లి ఎన్నేళ్లయింది?

ఒక్క ఇబ్బంది ఉంది, నవ్వకండి. సొంత ఊళ్లో మొగుడూ పెళ్లాం ఇద్దరే నడిస్తే ప్రతి మలుపులో ఎవరో ఒకరు "ఏం వదినా, పిల్లలేరీ?" అని అడుగుతారు. ఖిల్లా మీదికి ఎక్కేసరికి సగం ఊరికి జవాబు చెప్పి ఉంటారు. అందుకే కుదిరితే పది, పదిహేను కిలోమీటర్లయినా ఊరు దాటండి అంటాను.

ఇంట్లో ఎలా చెప్పాలి?

అసలు కొండ ఇదే. రైలు టిక్కెట్టు కంటే అత్తగారి అనుమతి దొరకడం కష్టం అంటారు మీరు. చాలామంది ఒక ఉపాయం పన్నుతారు. గుడికని చెప్పి వెళ్లడం, పెళ్లికని చెప్పి ఒకరోజు ముందే బయల్దేరడం. వద్దు. ఇద్దరూ కలిసి ఉండటం తప్పు పని కాదు, దొంగచాటుగా చెయ్యడానికి. అబద్ధం రెండు రోజులకు పనికొస్తుంది, అది బయటపడ్డాక పన్నెండేళ్లు పొడుస్తారు.

చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. 'నాయనా, అమ్మా, నేనూ ఆమే రెండు రోజులు పోయొస్తం, పిల్లల్ని జర చూసుకోండి' అని కొడుకే వాళ్ల అమ్మానాన్నలకు చెప్పాలి. అదే మాట కోడలు అంటే 'కొడుకుని ఎగరేసుకుపోతోంది' అవుతుంది. లోకం తీరు అంత. ఆయన చెప్పడానికి సిగ్గుపడితే, నెల రోజులు ముందుగా, భోజనాల దగ్గర మామూలు మాటల్లో అనిపించండి. బయల్దేరే ముందు రోజు గుండెల మీద బండ వేసినట్టు చెప్పొద్దు.

ఇంకొక్కటి. మీ అత్తగారు మాత్రం మామగారితో ఇద్దరే ఎన్నడైనా ఎక్కడికైనా వెళ్లారా? అడిగి చూడండి. చాలా ఇళ్లల్లో జవాబు లేదనే వస్తుంది. 'మీరు వెళ్లిరండత్తమ్మా, ఆ రెండు రోజులు ఇల్లు నేను చూసుకుంటా' అని ముందు వాళ్లను పంపండి. మీ వంతు వచ్చినప్పుడు ఆవిడ అడ్డం చెప్పరు. చెప్పినా మునుపటంత గట్టిగా చెప్పరు. అది లౌక్యం కాదు, న్యాయం.

ఇక ఆ రెండు రోజుల పని ఎవరిది అన్న సంగతి. మనలో ఒక చెడ్డ అలవాటు ఉంది. రెండు రోజులు ఊరెళ్లాలంటే నాలుగు రోజుల ముందు నుంచి సకినాలు, మురుకులు, పచ్చళ్లు, ఉతికిన బట్టలు, తుడిచిన అలమర్లు... రైలెక్కేసరికి ఒళ్లు హూనం. సెలవు కోసం రెట్టింపు చాకిరీ చేస్తే అది సెలవెలా అవుతుంది? పదేళ్లు దాటిన పిల్లలకు కుక్కర్‌లో అన్నం పెట్టడం, గ్యాస్ కట్టెయ్యడం ఈ నెలలోనే నేర్పండి. ఆడపిల్లకీ, మగపిల్లాడికీ ఇద్దరికీ. పెద్దావిడ మీద రెండు పూటల వంట పడకుండా ఒక పూట హోటల్ నుంచి తెచ్చుకొమ్మని డబ్బులిచ్చి వెళ్లండి.

మనసాగక ఏదో ఒకటి చేసిపెట్టాలనిపిస్తే పులిహోర గుజ్జు ఒక్కటి చాలు. వంద గ్రాముల చింతపండు వేడినీళ్లలో అరగంట నానబెట్టి చిక్కగా గుజ్జు తియ్యండి. అర కప్పు నువ్వుల నూనెలో ఆవాలు, రెండేసి చెంచాల శనగపప్పు, మినప్పప్పు, ఆరు ఎండుమిరపకాయలు, చీరిన పచ్చిమిరపకాయలు ఆరు, కరివేపాకు, ఇంగువ వేయించి, గుజ్జు పోసి, చెంచా పసుపు, తగిన ఉప్పు, చిన్న బెల్లం ముక్క వెయ్యండి. నూనె పైకి తేలేదాకా సన్నటి సెగ మీద ఉడికించి, ఆరాక తడి లేని సీసాలో పెట్టండి. ముప్పావు కిలో బియ్యం వండితే సరిపోతుంది. ఎవరికి ఆకలైతే వాళ్లే అన్నంలో కలుపుకుంటారు. రైల్లోకి మాత్రం డబ్బాలు సర్దొద్దు. ఆ రెండు రోజులూ మీరు గరిటె పట్టుకోకూడదు.

ఇద్దరం ఏం మాట్లాడుకుంటాం?

ఇప్పుడు ఆ చెల్లెలి అసలు ప్రశ్న. పద్నాలుగేళ్లుగా మీ ఇద్దరి మాటలూ పిల్లల ఫీజు, దుకాణం బాకీ, మామగారి మందులు, చుట్టాల పెళ్లిళ్ల చుట్టూనే తిరిగాయి. అవి తీసేస్తే ఏమీ మిగలదేమోనని మీ భయం. మీవారికీ లోపల ఇదే భయం ఉండొచ్చు. మగవాళ్లు దాన్ని 'దుకాణం ఎవరు చూస్తరు' అని చెబుతారు, అంతే.

నా మాట వినండి. మొదటి పూట నిజంగానే మాటలు ఉండవు. ఆయన ఫోన్ తీస్తాడు, మీరు పిల్లలకు ఫోన్ చేస్తారు. 'ఎందుకొచ్చాం' అనిపిస్తుంది. కంగారు పడొద్దు. మాటలు లేకపోవడం ప్రేమ లేకపోవడం కాదు, అలవాటు తప్పడం. ఎన్నాళ్లుగానో వాడని కుట్టుమిషను మొదట బిగుసుకుంటుంది. రెండు చుక్కలు నూనె వేసి నెమ్మదిగా తిప్పితే మళ్లీ తిరుగుతుంది.

సముద్రం దగ్గర ఒక సౌకర్యం ఉంది. ఎదురెదురుగా కూర్చోనక్కర్లేదు. పక్కపక్కన కూర్చుని ఇద్దరూ నీళ్ల వైపు చూస్తూ ఉండొచ్చు. మొహం చూస్తూ చెప్పలేని మాటలు పక్కన కూర్చుంటే వస్తాయి. ఒక సాయంత్రం పిల్లల మార్కులూ, బాకీలూ మాట్లాడకూడదని ఒప్పందం చేసుకోండి. ఆయన చిన్నప్పుడు ఎవరితో తిరిగాడో, దుకాణంలో కూర్చోకముందు ఏం కావాలనుకున్నాడో అడగండి. మీరు ఏం చదవాలనుకున్నారో, ఏది ఆగిపోయిందో చెప్పండి. పద్నాలుగేళ్లు ఒకే కంచంలో తిన్నా ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి తెలియనివి బోలెడుంటాయి. పిల్లలకు పొద్దునొకసారి, రాత్రొకసారి ఫోన్ చేస్తే చాలు. మీరు లేకపోయినా వాళ్లు అన్నం తింటారు. ఆ సంగతి తెలిశాక కాస్త బాధేస్తుంది, తర్వాత ఎంతో తేలికవుతుంది.

ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. ఇదంతా అలసిపోయిన కాపురాలకు, పగిలిన వాటికి కాదు. ఇంట్లో చెయ్యి చేసుకునే మనిషి సముద్రం ఒడ్డున మారడు. అలాంటి మనిషితో తెలియని ఊరికి ఒంటరిగా వెళ్లకండి. మీకు కావాల్సింది విహారం కాదు, సాయం. మహిళల సహాయానికి 181 నంబరు ఉంది. పుట్టింటివాళ్లున్నారు, నలుగురున్నారు. అడగడంలో నామోషీ లేదు.

పిల్లలు పెరిగి చదువులకనీ, ఉద్యోగాలకనీ వెళ్లిపోతారు. దుకాణం ఏదో ఒక రోజు కొడుకుకో, అద్దెకో ఇచ్చేస్తారు. అప్పుడు ఇంట్లో మిగిలేది మీరిద్దరే. ఆ రోజున కొత్తగా పరిచయం చేసుకోవడం కంటే, ఇప్పుడే అప్పుడప్పుడూ పలకరించుకుంటూ ఉండటం మంచిది కదూ? జమైకా అయినా, సూర్యలంక అయినా, పోచారం గట్టయినా దానికి ఒకటే.

కాబట్టి ఈ వారం ఒక్క పని చెయ్యండి. టిక్కెట్లూ వద్దు, గదులూ వద్దు. రాత్రి అందరూ పడుకున్నాక గోడ మీది కేలండర్ తీసి మీవారి ముందు పెట్టి, 'ఏ నెలలో పోదాం?' అని అడగండి. 'ఎందుకు' అంటే ఈ పేజీ చూపించండి. ఏ నెల ఖాయం చేసుకున్నారో నాకు రాయండి. అత్తగారు ఏమన్నారో కూడా!